ఉమ్మడి ఇల్లు అమ్మేటప్పుడు ఏ ఖర్చు ఎవరి వాటాలోంచి పోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రాజమహేంద్రవరంలో 240 గజాల్లో మీ నాన్నగారి స్వార్జితమైన పాత డాబా ఇల్లు ఉంది. ఆయన 2015లో వీలునామా రాయకుండా పోయారు. వారసులు నలుగురు: అమ్మ, అన్నయ్య, మీరు, అమెరికాలో స్థిరపడిన చెల్లెలు. ఇల్లు రూ.1.60 కోట్లకు బేరం కుదిరింది. ఇన్నాళ్లూ అమ్మతో కలిసి కింద వాటాలో ఉన్న అన్నయ్య ఇప్పుడు రూ.24 లక్షల చిట్టా తీసి, అది తనకు ముట్టాకే మిగతాది పంచుకుందాం అంటున్నారు. చెల్లెలు రూపాయి కూడా ఒప్పుకోనంటోంది. ఇద్దరిలో ఎవరిది న్యాయం అని మీ ప్రశ్న.

ఇద్దరిదీ కొంత న్యాయం, కొంత మొండితనం. మొత్తం అంకె పట్టుకుని వాదిస్తే ఇది తెగదు. చిట్టాను పద్దు పద్దుగా విడగొట్టండి. ప్రతి పద్దుకూ ఒకటే ప్రశ్న వేయండి: ఈ డబ్బు పెట్టకపోయి ఉంటే ఇల్లు చేజారేదా, పాడయ్యేదా, ఇవాళ ఈ ధర పలకకుండా పోయేదా? అవునంటే అది ఇంటి ఖర్చు, అందరూ వాటా ప్రకారం మోయాలి. కాదంటే అది పెట్టినవారి సొంత ఖర్చు.

ముందు వాటాలు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ప్రతి కొడుకుకూ, ప్రతి కూతురుకూ ఒక్కో వాటా. కాబట్టి తలా పావు వంతు, రూ.40 లక్షలు. సహయజమానులు కలిసి అమ్మితే ధర వారి హక్కుల నిష్పత్తిలోనే చెందుతుందని ఆస్తి బదిలీ చట్టం 46వ సెక్షన్ చెబుతోంది. ఖర్చు కూడా అదే నిష్పత్తిలో నడుస్తుంది. అమ్మ వాటా అమ్మదే. 'అమ్మ మాతోనే ఉంటుంది కదా' అని ఆ పావు వంతును ఎవరి లెక్కలోనూ కలపకూడదు.

ఇక చిట్టా. మొదటిది, నాన్నగారి హౌసింగ్ లోను బాకీ రూ.4.60 లక్షలు అన్నయ్య 2016లో కట్టి కాగితాలు విడిపించడం. దీని మీద వాదనే అనవసరం. అది ఇంటి మీద ఉన్న తాకట్టు. కట్టకపోతే బ్యాంకు వేలానికి పెట్టేది. ఉమ్మడి తాకట్టును ఒకరు తీరిస్తే మిగతావారు వాటా ప్రకారం భరించాలి (ఆస్తి బదిలీ చట్టం, 82వ సెక్షన్). తీర్చినవారికి ఆ మేరకు బ్యాంకు స్థానం వస్తుంది (92వ సెక్షన్). చెల్లెలు ఈ ఒక్క పద్దు దగ్గర దిగివస్తే మిగతా చర్చ సగం తేలికవుతుంది. లోను క్లోజర్ లెటరు, అన్నయ్య ఖాతా స్టేట్‌మెంటు తీసిపెట్టుకోండి. ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టులో) ఎంఓడీటీ ఎంట్రీ, అంటే కాగితాలు బ్యాంకులో తాకట్టు పెట్టిన నమోదు, ఇంకా కనిపిస్తోందేమో కూడా చూడండి. లోను తీరినా రిలీజ్ డీడ్ రిజిస్టరు చేయించకపోతే ఆ ఎంట్రీ అలాగే ఉండిపోతుంది. కొనేవారి బ్యాంకు అక్కడే ఆగుతుంది. దాన్ని తీయించే ఖర్చు కూడా ఉమ్మడిదే.

2019లో స్లాబు కారుతుంటే వాటర్‌ప్రూఫింగు, ఊచలు తుప్పుపట్టిన చోట మరమ్మతు, రూ.2.10 లక్షలు. ఇది ఉమ్మడి ఖర్చే. మేస్త్రీ తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్కను కోర్టు ఎంతవరకు నమ్ముతుందో చెప్పలేం గానీ, ఇంట్లోవాళ్ల మధ్య సిమెంటు, కెమికల్ బిల్లులు, ఖాతాలోంచి వెళ్లిన చెల్లింపులు సరిపోతాయి.

ఇంటి పన్ను, నీటి పన్ను 11 ఏళ్లకు రూ.1.54 లక్షలు. చట్టరీత్యా ఇంటి పన్ను యజమానులందరి బాధ్యత. అన్నయ్య మిగతా ముగ్గురి వాటా రూ.1,15,500 అడగవచ్చు. అయితే ఆయన కింద వాటాలో అద్దె లేకుండా ఉన్నారు. సహయజమాని తన ఉమ్మడి ఇంట్లో ఉన్నందుకు, మిగతావారిని రానీయకుండా అడ్డుకుంటే తప్ప, మామూలుగా అద్దె బాకీ పడడు. కాబట్టి మీరు అద్దె అడిగితే నిలవడం కష్టం. ఆయన పన్ను అడిగితే మీకు మాత్రం అద్దె గుర్తొస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి చెల్లు వేసేయడమే తెలివి. కరెంటు బిల్లులు, మోటారు రిపేర్లు, బాత్రూము ఫిట్టింగులు కూడా వాడుకున్నవారి మీదే. అమ్మేనాటికి మున్సిపాలిటీలో బకాయి ఏమైనా మిగిలి ఉంటే అది వేరు. అమ్మకం తేదీ వరకు ఉన్న పన్నులు అమ్మేవాళ్లే కట్టి ఇవ్వాలి (ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షన్). దాన్ని ధరలోంచి నలుగురూ భరించండి.

అసలు గొడవ మేడ మీది రెండు గదులు. 2018లో అన్నయ్య రూ.9 లక్షలు పెట్టి కట్టారు, ఎవరినీ లిఖితంగా అడగలేదు, ఎవరూ వద్దనలేదు. ఇప్పుడు ఆ 9 లక్షలూ కావాలంటున్నారు. ఇక్కడ లెక్కకు రావలసింది పెట్టిన ఖర్చు కాదు, దానివల్ల ధర ఎంత పెరిగిందన్నది. కొనేది బిల్డరై, ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతానంటే గజం రేటు కట్టి 240 గజాలకు లెక్క ఇస్తాడు. అప్పుడు మేడ గదుల విలువ సున్నా. పైగా కూల్చే ఖర్చు తగ్గించమని కూడా అడుగుతాడు. 'తొమ్మిది లక్షలు పెట్టాను' అన్న మాటకు అక్కడ విలువ లేదు. కొనేది కుటుంబమై ఆ ఇంట్లోనే ఉండబోతే గదులకు విలువ ఉంటుంది. రిజిస్టర్డ్ వాల్యుయరు చేత కట్టడం వయసు, తరుగుదల చూపించి విడిగా లెక్క వేయించండి. ఆయన ఫీజు నలుగురూ పెట్టుకుంటేనే అందరికీ నమ్మకం కుదురుతుంది.

రెండో వైపు కూడా చూడాలి. ఆ గదుల మీద నెలకు రూ.8,000 చొప్పున 84 నెలలు అద్దె అన్నయ్యే తీసుకున్నారని రాశారు. అంటే రూ.6.72 లక్షలు. తాను ఉన్నందుకు అద్దె ఇవ్వనక్కరలేదు గానీ, బయటివారి దగ్గర వసూలు చేసిన అద్దెకు సహయజమాని లెక్క చెప్పాల్సిందే. అద్దె మొత్తం కట్టిన ఖర్చుకే జమ వేస్తే ఆయనకు రావలసింది రూ.2.28 లక్షలు మిగులుతుంది. వాల్యుయరు అంకె, ఈ మిగులు, రెండింటిలో ఏది తక్కువైతే అది ఇవ్వడం మధ్యేమార్గం. మీ విషయంలో కొనేవారు అందులోనే ఉండబోతున్నారు కాబట్టి, గదుల విలువ సుమారు రూ.3 లక్షలని వచ్చిందనుకుందాం. అప్పుడు రూ.2.28 లక్షలు ఖాయం చేయండి.

మాడ్యులర్ కిచెన్, లోపలి రంగులు, ఫాల్స్ సీలింగు కలిపి రూ.3.20 లక్షలు. ఇది ఆయన వాడుకున్న సుఖం, ఆయనదే ఖర్చు. అమ్మకానికి పెట్టే ముందు అందరూ అనుకుని బయటి గోడలకు రంగు వేయించి ఉంటే అది మాత్రం ఉమ్మడిలోకి వస్తుంది.

అమ్మ ఆసుపత్రి ఖర్చు రూ.3.56 లక్షలు ఈ చిట్టాలో ఉండకూడదు. అలాగని ఆయనకు రాకూడదని కాదు. తల్లిని చూసుకోవడం ముగ్గురు పిల్లల బాధ్యతే, ఆ లెక్క వేరే కాగితం మీద, ఈ అమ్మకంతో సంబంధం లేకుండా తేల్చుకోండి. ఇంటి లెక్కలో దాన్ని పెడితే అమ్మ వైద్యం ఖర్చులో పావు వంతు అమ్మ వాటాలోంచే కోసినట్టవుతుంది. ఆ తర్వాత చెల్లెలి పెళ్లి ఖర్చు, నాన్నగారి కర్మకాండల ఖర్చు, మీ చదువు ఖర్చు వరసగా బయటికొస్తాయి. ఒక్కటి ఒప్పుకుంటే మిగతావాటికి తలుపు తెరిచినట్టే.

అమ్మకం ఖర్చులు తేలిక. మధ్యవర్తి కమీషను ఒక శాతం, రూ.1.60 లక్షలు, నలుగురిదీ. మీరు పెట్టిన రూ.42,000, అంటే ఈసీలు, లింకు డాక్యుమెంట్ల సర్టిఫైడ్ కాపీలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, లాయరు ఫీజు, ఇవీ ఉమ్మడివే. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఫీజు వేరే ఒప్పందం లేకపోతే కొనేవారివి, అవి మీ లెక్కలోకి రావు. విమాన టికెట్లు, చెల్లెలి జీపీఏ (తన తరఫున సంతకం పెట్టడానికి ఇచ్చే అధికార పత్రం) ఖర్చు, ఎవరి ఆడిటరు ఫీజు, ఎవరి ఆదాయపు పన్ను, ఇవన్నీ ఎవరివి వారివే. ఒకరు తమకు తెలిసిన ఇంకో బ్రోకరును తెచ్చి, ఆయనా కమీషను అడిగితే, అది తెచ్చినవారి నెత్తినే పడుతుంది.

ఇప్పుడు కూడిక. లోను 4,60,000, స్లాబు 2,10,000, మేడ 2,28,000, కమీషను 1,60,000, కాగితాలు 42,000. మొత్తం రూ.11,00,000. దీన్ని ధరలోంచి తీస్తే రూ.1,49,00,000, తలా రూ.37,25,000. దానికి ఎవరు ముందు పెట్టింది వారికి కలపండి. అన్నయ్యకు 8,98,000 కలిస్తే రూ.46,23,000. మీకు 42,000 కలిస్తే రూ.37,67,000. అమ్మకు, చెల్లెలికి రూ.37,25,000 చొప్పున. కమీషను రూ.1,60,000. అన్నీ కూడితే సరిగ్గా రూ.1.60 కోట్లు రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు పడ్డట్టే.

ఈ కూడికలో ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. అన్నయ్యకు రావలసిన రూ.8.98 లక్షలను మిగతా ముగ్గురి మీద వేసేస్తారు, తలా రూ.2,99,333. కానీ ఆయన కూడా పావు వంతు యజమాని, తన వాటా ఖర్చు తానూ మోయాలి. నిజంగా ఒక్కొక్కరి మీద పడాల్సింది రూ.2,24,500. మూడుతో భాగిస్తే అన్నయ్యకు రూ.2,24,500 అదనంగా పోతుంది. ముందు మొత్తం ధరలోంచి తీసి తర్వాత నాలుగుతో భాగించే పై పద్ధతిలో ఈ పొరపాటుకు చోటుండదు.

వడ్డీ గురించి ఆయన అడగవచ్చు. ముందే ఒప్పందం లేదు కాబట్టి చిన్న పద్దుల మీద వడ్డీ ఒప్పుకోనక్కరలేదు. లోను బాకీ మీద మాత్రం ఫిక్స్‌డ్ డిపాజిట్ రేటుకు బారువడ్డీ అడిగితే అది అన్యాయం అనలేం. నా అభిప్రాయంలో అద్దె లేకుండా ఉన్నందుకు అదీ చెల్లు.

డబ్బు ఏ దారిన రావాలన్నది లెక్క కన్నా ముఖ్యం. సేల్ డీడ్‌లో ధర నలుగురికీ రూ.40 లక్షల చొప్పునే రాయించండి, చెక్కులు లేదా ఆర్టీజీఎస్ కూడా నాలుగు ఖాతాల్లోకి విడివిడిగా రావాలి. సర్దుబాటు తర్వాత మీలో మీరు బదిలీ చేసుకోండి: అమ్మ 2,75,000, చెల్లెలు 2,75,000, మీరు 2,33,000 అన్నయ్యకు పంపుతారు, ఆయన కమీషను కడతారు. అలా కాకుండా మొత్తం ఒకరి ఖాతాలోకి తెచ్చి తర్వాత పంచితే, పన్ను శాఖ వార్షిక సమాచారంలో కోటీ అరవై లక్షలూ ఆ ఒక్కరి పేరునే కనిపించి నోటీసు వచ్చే అవకాశం ఉంది. నగదు జోలికి వెళ్లకండి. స్థిరాస్తి లావాదేవీలో రూ.20,000, అంతకు మించి నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు.

క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి అమ్మిన లాభం మీద పడేది) ఎవరి వాటాకు వారే వేసుకోవాలి. కమీషను బిల్లు నలుగురి పేరున ఉంటే ఒక్కొక్కరూ రూ.40,000 మినహాయించుకోవచ్చు. అన్నయ్య పేరునే ఉంటే మిగతావారికి చిక్కు. ఇంటి పన్ను, మామూలు మరమ్మతులు ఈ లెక్కలో తీసేయడానికి కుదరవు. నాన్నగారి తాకట్టు అప్పు మాత్రం కుదురుతుంది. పూర్వపు యజమాని పెట్టిన తాకట్టును వారసులు విడిపిస్తే అది కొనుగోలు వ్యయంలో చేరుతుందని ఆర్.ఎం. అరుణాచలం కేసులో సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. వారసులు తామే తాకట్టు పెట్టి తీర్చినది చేరదు. ఇల్లు 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు, ప్రభుత్వ రిజిస్ట్రేషను విలువకు మించకుండా. వాల్యుయరును పిలిచినప్పుడే ఈ రిపోర్టు కూడా రాయించేయండి.

చెల్లెలి దగ్గర ఇంకో లెక్క ఉంది. ధర మొత్తం రూ.50 లక్షలు దాటింది కాబట్టి మీ ముగ్గురి వాటాల్లో కొనేవారు ఒక శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను), అంటే తలా రూ.40,000 పట్టుకుంటారు. ఆమె నాన్-రెసిడెంటు. ఆమె వాటా మీద 12.5 శాతం, సెస్సుతో 13 శాతం, అంటే పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్టు తేకపోతే రూ.40 లక్షల మీద రూ.5.20 లక్షలు పట్టుకుంటారు. నిజంగా పన్ను పడేది లాభం మీదే, కాబట్టి రిటర్ను వేసి మిగతాది వెనక్కి తెచ్చుకోవచ్చు. అది ఆమె పన్నుకు ఆమె ముందస్తు చెల్లింపు, ఇంటి ఖర్చు కాదు. 'అందరం తలా కాస్త వేసుకుందాం' అన్న మాట రానీయకండి. అగ్రిమెంటు అవగానే ఆ సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టించండి, వారాలు పడుతుంది.

ఇవన్నీ ఎప్పుడు రాసుకోవాలి? కొనేవారితో అగ్రిమెంటుకు ముందు. అడ్వాన్సు చేతిలో పడ్డాక గడువు నడుస్తుంటుంది. రిజిస్ట్రారు ఆఫీసు దాకా వచ్చి 'నా లెక్క తేల్చందే సంతకం పెట్టను' అన్నవారిదే పైచేయి అవుతుంది. సంతకం ఆగితే కొనేవారు స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా (ఒప్పుకున్నట్టు అమ్మి తీరాలని వేసేది) వేస్తే, తప్పు ఒకరిదైనా ప్రతివాదులు నలుగురూ.

కాబట్టి ముందుగా రూ.100 స్టాంపు కాగితం మీద 'అమ్మకపు ఖర్చుల సర్దుబాటు ఒప్పందం' రాయండి. అందులో పద్దులు, అంకెలు, ఎవరు పెట్టారు, ఒప్పుకోని పద్దులేవి, ఏ తేదీ తర్వాతి ఖర్చు ఒప్పుకోబోమో ఉండాలి. ఇద్దరు సాక్షులు, ప్రతి పేజీలో నలుగురి సంతకాలు. డబ్బు సర్దుబాటు గురించే రాస్తే రిజిస్ట్రేషను అక్కరలేదు. 'అమ్మ తన హక్కు వదులుకుంటోంది' లాంటి వాక్యం ఒక్కటి పడిందా, అది రిజిస్టరు చేయాల్సిన పత్రమైపోతుంది, చేయించకపోతే కోర్టులో అక్కరకు రాదు. అడ్వాన్సు ఎవరి ఖాతాలోకి, బేరం చెడితే తిరిగి ఇవ్వాల్సింది ఎవరు అన్నదీ రాయండి. ఒకరే అడ్వాన్సు తీసుకుని వాడేసి, బేరం చెడ్డాక మిగతావారి ఇళ్ల ముందు కొనేవారు కూర్చోవడం మామూలే.

తేలని పద్దు ఉంటే దానికోసం అమ్మకం ఆపకండి. ఉదాహరణకు కిచెన్ పద్దు రూ.3.20 లక్షలు అన్నయ్య వదలనంటే, అందులో మిగతా ముగ్గురి వాటా రూ.2.40 లక్షలు మీరూ అన్నయ్యా ఇద్దరూ సంతకం పెడితేనే తీయగలిగే జాయింట్ ఖాతాలో ఉంచి, 'ఆరు నెలల్లో ఫలానా పెద్దమనిషి చెప్పినట్టు' అని రాయండి. రిజిస్ట్రేషను సాఫీగా అయిపోతుంది, తగాదా రూ.2.40 లక్షలకే పరిమితమవుతుంది.

కాలపరిమితి మాట కూడా తెలుసుకోండి. వేరొకరి తరఫున కట్టిన డబ్బు రాబట్టుకునే దావాకు మూడేళ్లే గడువు, కట్టిన రోజు నుంచి. అన్నయ్య 2019 మరమ్మతు ఖర్చుకు విడిగా దావా వేస్తే ఆ గడువు దాటింది. అయినా దీన్ని పట్టుకుని ఎదురుతిరగకండి. విభజన దావా పడితే కోర్టు ఇలాంటి న్యాయమైన సర్దుబాట్లు చూస్తుంది, తాకట్టు అప్పు హక్కూ అంత తేలిగ్గా పోదు. బేరమాడటానికి ఇది మీకు అక్కరకు వస్తుంది, అంతే.

ఏమీ కుదరకపోతే విభజన దావా. ఇల్లు ముక్కలు చేయడం కుదరదు కనుక, సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవారు అడిగితే అమ్మి పంచమని కోర్టు ఆదేశించవచ్చు. అప్పుడు మిగతావారు కోర్టు కట్టిన విలువకు ఆ వాటాలు తామే కొనుక్కోవచ్చు. ఇది 1893 విభజన చట్టం. ఏళ్లు పడుతుంది, ఈలోగా కొనేవారు ఉండరు. దానికి ముందు రాజమహేంద్రవరంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (దావా వేయకముందే రాజీ కుదిర్చే) లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన అవార్డుకు డిక్రీ బలం ఉంటుంది, అప్పీలు లేదు. చిట్టా, బిల్లులు, పై కూడిక మూడు ప్రతులు తీసుకుని వెళ్లండి.

చెల్లెలు రాలేకపోతే జీపీఏ అన్నయ్య పేరున కాకుండా, లెక్కలో తక్కువ చిక్కు ఉన్న మీ పేరున రాయించండి. డీడ్ మీద సంతకానికి మాత్రమే అధికారం, డబ్బు ఆమె ఎన్ఆర్ఓ ఖాతాలోకే (విదేశాల్లో ఉండేవారి ఇక్కడి ఆదాయం జమయ్యే ఖాతా) అని స్పష్టంగా ఉండాలి. ఖర్చుల ఒప్పందం మీద ఆమె తరఫున సంతకం చేసే అధికారం వేరే వాక్యంగా రాయించాలి, లేకపోతే తర్వాత 'నేను ఒప్పుకోలేదు' అనవచ్చు. అక్కడ నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేందుకు అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించుకుని లేదా ఇండియన్ కాన్సులేట్‌లో ధ్రువీకరించుకుని పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు వేయించండి. గడువు దాటితే జరిమానాతో పాటు మీ అమ్మకం గడువు కూడా జరిగిపోతుంది.